ఆన్‌లైన్ తిట్లకు జవాబుగా మా వీధి వాళ్లం కలిసి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. గోడ మీద బొమ్మ వేస్తే పనికొస్తుందా?

జాజు_సున్నం:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మాది సిద్దిపేట వైపు ఒక చిన్న టౌను. మా వీధిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఉంది, అసలు పేరు ఎందుకులెండి, చిన్నీ అనుకుందాం. ఆ పిల్లకు ఏడో తరగతి నుంచి బొల్లి ఉంది. మెడ మీద, కుడి చెయ్యి మీద, కంటి పక్కన తెల్ల మచ్చలు. అది అంటుకునేది కాదని మా వీధిలో అందరికీ తెలుసు, చిన్నప్పటి నుంచి మా ఇళ్లలోనే తిని పెరిగింది. మొన్న సద్దుల బతుకమ్మ నాడు ఎప్పుడూ వేసుకునే పొడుగు చేతుల జాకెట్ కాకుండా మామూలు జాకెట్ వేసుకుని ఆడింది. వాళ్ల పిన్ని కూతురు దాన్ని రీల్ తీసి పెట్టింది.

తెల్లారేసరికి కామెంట్లు. “సున్నం బకెట్లో పడ్డావా” దగ్గర మొదలై ఇక్కడ రాయలేని మాటల దాకా పోయాయి. అవన్నీ ఎక్కడివాళ్లో, పోనీ అనుకోవచ్చు. కానీ ఎవరో ఆ వీడియోలోంచి పిల్ల ముఖం కట్ చేసి వాట్సాప్ స్టిక్కర్ చేశారు, అది తిరిగి తిరిగి మా కాలనీ గ్రూపులోకే వచ్చింది. వేసింది పక్క సందు కుర్రాడు. దాని కింద నవ్వుతూ నాలుగు ఎమోజీలు, అందులో రెండు నన్ను రోజూ “అమ్మా బాగున్నావా” అని పలకరించే పెద్దమనుషులవి. పిల్లను బతికుండగానే చంపింది ఆ నాలుగు ఎమోజీలు, బయటి కామెంట్లు కాదు. రీల్ తీసేశారు, స్టిక్కర్ ఎలా తీసేస్తారు? కాలేజీకి పోక తొమ్మిది రోజులయింది. ఇంట్లో కూడా చున్నీ మణికట్టు దాకా కప్పుకునే కూర్చుంటోంది.

మా సంఘం ఆడవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. కమ్యూనిటీ హాలు ప్రహరీ 24 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు ఖాళీగా ఉంది. దాని మీద చిన్నీ బతుకమ్మ ఎత్తుకున్న బొమ్మ పెద్దగా వేయించి, చుట్టూ వీధి వాళ్లంతా తలా ఒక మంచి మాట రాయాలని, అది వీడియో తీసి పెట్టాలని ఆలోచన. యూత్ వాళ్లు రంగుల ఖర్చు పెట్టుకుంటామన్నారు. నాకు ముగ్గులు తప్ప ఆర్ట్ తెలియదు. ఇలాంటివి ఎవరైనా చేశారా? నిజంగా ఏమైనా మారుతుందా, లేక మన తృప్తి కోసమేనా?

దబ్బనం:

జాజు గారూ, పోస్టు అంతా రెండుసార్లు చదివాను. గోడ కొలత రాశారు, రంగుల ఖర్చు రాశారు. చిన్నీని అడిగారా అన్నది మాత్రం ఎక్కడా కనపడలేదు.

చేతులు కప్పుకుని కూర్చున్న పిల్ల ముఖాన్ని 6 అడుగుల ఎత్తున గోడ మీద పెడితే ఏమవుతుంది? రేపు ఎవడో రాత్రిపూట బొగ్గుతో దాని మీద ఇంకేదో రాస్తాడు. ఫోనులో ఉన్నది వీధిలోకి వచ్చినట్టు అవుతుంది. మీ మనసు మంచిదే, కాదనను. ముందు ఆ పిల్ల దగ్గరికి పోయి కూర్చోండి. ఏం చేద్దాం అని కూడా అడగకండి, టీ తాగి రండి. రెండోసారి పోయినప్పుడు అడగండి.

రిపోర్ట్_కొట్టు:

ఇక్కడ కాస్త చేదుగా మాట్లాడేది నేనే అనుకుంటా, క్షమించాలి.

గోడ మీద “ప్రేమను పంచండి” రాసి, దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగి, సర్పంచో కౌన్సిలరో వచ్చి రిబ్బన్ కట్ చేసి వెళ్లిపోయే కార్యక్రమాలు చాలా చూశాను. కామెంటు పెట్టినవాడు కూడా వచ్చి అక్కడ ఫొటో దిగుతాడు. ముందు చేయాల్సిన పని వేరే ఉంది. ఆ స్టిక్కర్, కామెంట్లు, పెట్టిన అకౌంట్ల లింకులు, తేదీ టైముతో సహా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, డిలీట్ చేసేశాక ఏడ్చి లాభం లేదు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్లు, పిల్లల మీద నేరాలకు విడిగా విభాగం ఉంది, అందులో పెట్టండి. మీది తెలంగాణే కాబట్టి షీ టీమ్స్‌కు (ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు) కూడా చెప్పొచ్చు. 1930 నంబరు ముఖ్యంగా డబ్బు మోసాల కోసం, అది పట్టుకుని కూర్చోకండి. ఎవరైనా “66ఏ కింద పెట్టిద్దాం” అని హడావుడి చేస్తే నమ్మకండి, ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, ఇప్పటికీ దాని పేరు చెప్పి బెదిరించేవాళ్లు ఉన్నారు.

ఇంకోటి. తొమ్మిది రోజులు ఇంట్లోంచి కదలకపోవడం చిన్న విషయం కాదు. మానసిక సాయానికి సర్కారు హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆ పిల్ల చేయకపోయినా వాళ్ల అమ్మ చేసి ఎలా మాట్లాడాలో కనుక్కోవచ్చు.

ఆ కామెంట్ల కిందకు పోయి మీరంతా తిరగబడి వాదించడం మాత్రం వద్దు. తిట్టినా పొగిడినా ఆ యాప్‌కు ఒకటే లెక్క, జనం ఎగబడుతున్నారని దాన్ని ఇంకా పైకి తోస్తుంది.

స్ప్రీ_ఒడ్డున:

అక్కా, నేను బెర్లిన్‌లో ఉంటాను. పై ఇద్దరు చెప్పింది నిజమే కానీ బొమ్మలతో పని కాదు అని తీసిపారేయకండి. ఇక్కడ జరిగింది ఒకటి చెప్తాను.

షోనెబెర్గ్ అని ఒక పేట. అక్కడ ఇబో ఒమారి అనే ఆయనకు స్ప్రే రంగులు అమ్మే కొట్టు ఉంది. ఒకాయన వచ్చి రంగు కావాలన్నాడట, దేనికయ్యా అంటే పిల్లల పార్కులో ఎవరో నాజీ గుర్తు గీశారు, చెరిపేయాలి అన్నాడు. (మనకు స్వస్తిక్ గుమ్మం మీద గుర్తు, ఇక్కడ ఆ హిట్లర్ గుర్తు బయట గీయడం నేరం. నాకు మొదట్లో ఇది ఒంటబట్టడానికి టైం పట్టింది.) అప్పుడు ఒమారి వాళ్లు ఆలోచించి, చెరపడం ఎందుకు, దాన్నే ఇంకో బొమ్మ చేద్దాం అనుకున్నారు. పేటలోని కుర్రాళ్లను కూర్చోబెట్టి గీయించారు. నాలుగు వంకర గీతలు దోమ అయ్యాయి, గుడ్లగూబ అయ్యాయి, కిటికీ అయ్యాయి, రూబిక్ క్యూబ్ అయ్యాయి. పెయింట్‌బ్యాక్ అని పేరు పెట్టారు, 2016లో లోకమంతా తెలిసింది. నాకు నచ్చింది ఏంటంటే వాటి మీద ఒక్క నీతి వాక్యం కూడా ఉండదు. చూస్తే నవ్వొస్తుంది అంతే. భయపెట్టడానికి గీసినవాడికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

ఇంకోటి, వున్‌సీడెల్ అని జర్మనీలోనే బవేరియాలో చిన్న ఊరు. హిట్లర్‌కు డిప్యూటీగా ఉన్న హెస్ సమాధి 2011 దాకా అక్కడే ఉండేది, దానికోసం ఏటా నాజీ భక్తుల ఊరేగింపు, సమాధి తీసేశాక కూడా ఆగలేదు. ఊరివాళ్లు ఎదురు తిరిగి చూశారు, లాభం లేదు. 2014లో ఏం చేశారంటే, వాళ్లు నడిచే ప్రతి మీటరుకు 10 యూరోల చొప్పున ఆ ముఠాల్లోంచి బయటికి రావాలనుకునేవాళ్లకు సాయం చేసే సంస్థకు చందా ఇస్తామని ముందే జనం దగ్గర మాట తీసుకున్నారు. దారిలో మీటర్ల లెక్క గీశారు, రంగుల బ్యానర్లు కట్టారు, చివర్లో అరటిపళ్లు కూడా ఇచ్చారు. నడిచేవాళ్లకు ముందు తెలియకుండానే, వాళ్ల నడకతోనే 10,000 యూరోలు పోగయ్యాయి. మరుసటి ఏడాది అదే పద్ధతి ఫేస్‌బుక్‌లో పెట్టారు, ఒక ద్వేషపు కామెంటుకు ఒక యూరో. మీరు కూడా ఒక్కో చెడ్డ కామెంటుకు ఇంత అని ఏదైనా లెక్క పెట్టుకోవచ్చేమో ఆలోచించండి.

గోడకు మాత్రం హాలు కమిటీ దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి. ఇక్కడ ఒక పెద్దావిడ 1986 నుంచీ నాజీ స్టిక్కర్లు గోకేస్తూ, ద్వేషపు రాతల మీద హృదయం గుర్తులు వేస్తూ తిరుగుతోంది, ఆవిడనే గోడ పాడుచేసిందని కోర్టుకు లాగారు.

గళ్ల_స్కేలు:

నేను గోడలకు రాసేవాణ్ని. సైన్ బోర్డులతో మొదలుపెట్టి ఇప్పుడు స్కూళ్లలో బొమ్మలు వేస్తున్నాను. హైదరాబాద్ ఎం.ఎస్. మక్తాలో ఇళ్ల గోడలన్నీ బొమ్మలతో నింపారు కదా, అది చూసి చాలామంది మా ఊళ్లో కూడా అలా అంటూ ఫోన్ చేస్తారు. సూటిగా చెప్తాను: నన్ను పిలిచి వేయిస్తే అది నా బొమ్మ అవుతుంది, మీ వీధిది కాదు. మీరు కుర్చీలు వేసుకుని చూస్తారు, మధ్యలో టీ పంపిస్తారు.

వీధి వాళ్లే వేయాలంటే ఒక పద్ధతి ఉంది. గోడకు ప్రైమర్ కొట్టి, సుద్ద దారంతో అడుగు అడుగు గళ్లు కొట్టాలి. చిన్న కాగితం మీద బొమ్మకు కూడా అన్నే గళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో గడి, అందులో ఏ రంగు ఎక్కడో నంబర్లు. మీ గోడకు మొత్తం 144 గళ్లు వస్తాయి. మీరు ముగ్గులేసేవారు కాబట్టి చుక్కలు చూసి గీత కలపడం చెయ్యి తిరిగిన పనే, ఇది అంతకన్నా తేలిక. ప్రహరీ అన్నారు కాబట్టి అడుగున రెండడుగులు చెమ్మ ఉంటుంది, అక్కడ ఏమీ వేయకండి, మొదటి వానకే పొక్కులొచ్చి ఊడిపోతుంది. అది వదిలేస్తే బొమ్మకు 96 గళ్లు మిగులుతాయి.

జాజు_సున్నం:

అందరికీ థాంక్స్. దబ్బనం గారూ, మీ మాట చదివి రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నిజమే, అడగలేదు. అంతమంది కూర్చుని మాట్లాడాం, ఒక్కరికీ తట్టలేదు.

మొన్న పోయాను, టీ తాగి వచ్చాను. నిన్న మళ్లీ పోయి గోడ సంగతి చెప్పాను. చెప్పీ చెప్పగానే ముఖం తిప్పేసుకుంది. “నా బొమ్మ వద్దు అత్తా, నా పేరు కూడా వద్దు. మళ్లీ అందరూ నన్నే చూస్తారు” అంది. నేను సరేనని లేవబోతుంటే అప్పుడు అడిగింది, “నలుగురూ వస్తారా, వచ్చి కూర్చుంటారా ఊరికే?” అని. ఆ పిల్లకు కావాల్సింది మాటలు కాదు అక్కడ, మనుషులు. స్టిక్కర్ వచ్చిన రోజు నుంచి ఎవరూ వాళ్లింటికి పోలేదట. మేమంతా ఏం మాట్లాడాలో తెలియక పోలేదు, వాళ్లేమో మేమూ నవ్వుకుంటున్నాం అనుకున్నారు.

పోలీసుల సంగతి వాళ్ల నాన్నకు చెప్పాను, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టారు, ఫిర్యాదు చేశారు.

కాబట్టి గోడ లేదు. కూర్చుని చేసే పని ఏదైనా చెప్పండి. చిన్నీకి కుట్టడం వచ్చు, వాళ్లమ్మ మిషన్ కుడుతుంది.

దబ్బనం:

అయితే బొంత కుట్టండి.

నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. నా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలు మా అమ్మమ్మ వాళ్ల వసారాలో పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, నాలుగు మూలలా సన్నికల్లు, రోకలి బరువు పెట్టి, నాలుగు వైపులా నలుగురు కూర్చుని లోపలికి కుట్టుకుంటూ వచ్చేవాళ్లు. చేతులు పని చేస్తుంటే నోటికి తాళం ఉండదు. ఎదురెదురుగా కూర్చుని ముఖాలు చూసుకుంటూ మాట్లాడలేని సంగతులు కూడా తల వంచుకుని కుడుతూ మాట్లాడేయొచ్చు. పలకరింపులు లేని తోడికోడళ్లు ఇద్దరు ఒకే దారపు ఉండ వాడాల్సి వచ్చి మాట కలిపారు, నేను చూశాను.

పెద్ద లెక్కలో కూడా జరిగింది ఇది. అమెరికాలో ఎయిడ్స్ వచ్చినవాళ్లను ఊరంతా వెలేసి చూసిన రోజుల్లో, కొన్నిచోట్ల శవానికి అంత్యక్రియలు చేయడానికి కూడా వెనకాడిన రోజుల్లో, శాన్ ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే ఆయన 1985లో ఒక ఊరేగింపులో చనిపోయినవాళ్ల పేర్లు అట్టల మీద రాయించి ఒక సర్కారు బిల్డింగు గోడకు అంటించాడు. దూరం నుంచి చూస్తే అది అతుకుల బొంతలా కనపడిందట. దాంతో చనిపోయిన ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డ, 3 అడుగుల వెడల్పు 6 అడుగుల పొడవు, అంటే మనిషిని పూడ్చే గొయ్యి అంత, వాళ్ల వాళ్లే కుట్టాలని మొదలుపెట్టారు. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరిస్తే 1,920 ముక్కలు. ఇప్పుడు 50,000 దాకా ఉన్నాయి, బరువు 54 టన్నులు. జీన్స్ ప్యాంట్లు, టెడ్డీ బేర్లు, ఏది దొరికితే అది కుట్టారు. తిట్టినవాళ్లకు జవాబు చెప్పడం కోసం మొదలుపెట్టింది కాదు అది. మా మనిషి అని పేరు కుట్టారు, అంతే.

మీకు ఒక అనుమానం రావాలి, రాకపోతే నేనే చెప్తాను. బొంత అంటే అతుకులు. బొల్లి ఉన్న పిల్ల ముందు రంగురంగుల అతుకులు పరిస్తే ఎలా అనిపిస్తుందో. అది కూడా చిన్నీనే అడగండి. వద్దంటే బుట్టలు అల్లుకోండి, పచ్చడి పెట్టుకోండి, నలుగురూ కూర్చోవడమే కదా కావాల్సింది.

సరేనంటే లెక్క ఇది. ఒక్కో ముక్క 13 అంగుళాలు కత్తిరించండి, చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతే 12 మిగులుతుంది. అడ్డం 6, నిలువు 8 పెడితే 48 ముక్కలు, 6 అడుగులు 8 అడుగుల బొంత. నూలు చీరలే తీసుకోండి, సిల్కు, సింథటిక్ కలిస్తే ఒకటి లాగుతుంది ఒకటి ముడుచుకుంటుంది. ఎరుపు, నీలం ముందే విడిగా నానబెట్టి, నీళ్లలోకి రంగు దిగడం ఆగేదాకా ఉతకండి, లేకపోతే మొదటి ఉతుకుకే పక్క ముక్క గులాబీ రంగు అవుతుంది. ముక్క మీద ఏం కుట్టాలో ఎవరికి వాళ్లకే వదిలేయండి. కుట్టు రానివాళ్లకు కాడకుట్టు చాలు, పది నిమిషాల్లో వస్తుంది.

రిపోర్ట్_కొట్టు:

ఇది నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నా. ఒక్క షరతు, వీడియో పెట్టకండి. కనీసం అయిపోయేదాకా. లైకుల కోసం కాదని ఆ పిల్లకు తెలియాలి. తర్వాత పెట్టినా కామెంట్లు ఆపేసి పెట్టండి. “చిన్నీ కోసం” అన్న మాట ఎక్కడా రాకూడదు.

స్ప్రీ_ఒడ్డున:

మగవాళ్లను కూడా కూర్చోబెట్టండి అక్కా, ముఖ్యంగా ఆ నాలుగు ఎమోజీల వాళ్లను. ఆడవాళ్లు మాత్రమే కుడితే మళ్లీ సంఘం మీటింగ్ అయిపోతుంది.

జాజు_సున్నం:

ఆలస్యంగా రాస్తున్నాను, పని మొదలైంది.

అతుకుల సంగతి అడిగాను, చాలా భయపడుతూ అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “అంచు నేను కుడతా, అందులో మాత్రం ఎవరూ చెయ్యి పెట్టొద్దు” అంది. అంచు చుట్టూ గునుగు పూలు కుడుతోంది. బతుకమ్మకు గునుగును రంగుల్లో ముంచుతాం కదా, ఈ పిల్ల ముంచకుండా తెల్లటివి తెల్లగానే కుడుతోంది. నేనేమీ అడగలేదు.

రెండు ఆదివారాలు అయ్యాయి. కమ్యూనిటీ హాల్లో కాదు, వాళ్లింటి వరండాలోనే. మొదటివారం ఆరుగురం, రెండోవారం పందొమ్మిది మంది. 48లో 31 ముక్కలు వచ్చాయి. ఒకావిడ చాకలి గుర్తులతో సహా వాళ్లాయన పాత లుంగీ ముక్క ఇచ్చింది, దాని మీద నిమ్మకాయ కుట్టింది, ఎందుకంటే చిన్నీ చిన్నప్పుడు వాళ్లింటి నిమ్మచెట్టు ఎక్కి పడిందట. ఒక్కరు కూడా ప్రేమ, దయ అని కుట్టలేదు. స్కూటర్ కుట్టారు, పిల్లి కుట్టారు, ఒక చంటి పిల్లాడి చెయ్యి గీసి ఆ గీత మీద కుట్టారు. ఎమోజీల పెద్దమనుషుల్లో ఒకాయన వచ్చాడు. క్షమాపణ అడగలేదు, చిన్నీ వైపు చూడనూ లేదు, గంటసేపు కళ్లజోడు ముక్కు మీదకు జార్చుకుని అందరి సూదులకూ దారం ఎక్కించి ఇచ్చి వెళ్లిపోయాడు. స్టిక్కర్ కుర్రాడి తల్లి ఒక ముక్క పంపింది, వాడు మాత్రం గేటు దగ్గర బండి మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉన్నాడు. రమ్మని నేను పిలవలేదు. పిలవాలా అని ఇంకా ఆలోచిస్తున్నా.

చిన్నీ కాలేజీకి మూడు రోజులు పోయింది, నాలుగో రోజు మానేసింది. పొడుగు చేతులే వేసుకుపోతోంది. కానీ కుట్టేటప్పుడు అడ్డం వస్తోందని చున్నీ తీసి కుర్చీ మీద వేస్తుంది, నేను చూడనట్టు ఉంటాను.

ఇప్పుడు గొడవల్లా ముక్కలు కలిపే దారం గురించి. సగం మంది తెల్లదారం అంటున్నారు, నీటుగా ఉంటుందని. సగం మంది ఎర్రదారం అంటున్నారు. దబ్బనం గారూ, మీరే తేల్చండి, ఆదివారం లోపల.

దబ్బనం:

ఎర్రది. రెండు పోగులు కలిపి. తెల్లది నెల తిరక్కుండా మాసి బూడిద రంగుకు వస్తుంది, పైగా అంచులో పిల్ల కుట్టిన తెల్ల పూలు అందులో కలిసిపోతాయి.